ఆవలిస్తే పేగులు కాదు, మిల్లీమీటర్లు లెక్కపెట్టా

పోయినేడు మే నెలలో ఒక ఆరేళ్ళ బాబుని వాళ్ళమ్మ మా క్లినిక్కి తీసుకొచ్చింది, కింద వెనకాల పాలపన్ను పుచ్చి రాత్రిళ్ళు ఏడుస్తున్నాడని. కుర్చీ ఎక్కించి నోరు తెరవమంటే తెరిచాడు గానీ నా మిర్రరు, నా వేలు, సక్షన్ పైపు మూడూ కలిపి పట్టేంత చోటు లేదక్కడ. ఇంకొంచెం నాన్నా, ఇంకొంచెం అంటే "ఇంతే వస్తది మేడమ్" అన్నాడు. ఊరుకోవచ్చుగా, ట్రేలో స్కేలు కనిపించింది కదా అని పై ముందుపన్ను అంచు నుంచి కింద ముందుపన్ను అంచు దాకా పెట్టి చూశా. 37 మిల్లీమీటర్లు. చదువుకునే రోజుల నుంచీ 40 కంటే తగ్గితే నోరు సరిగ్గా తెరుచుకోనట్టే అని బుర్రలో దిగబడిపోయి ఉంది, అదే నోట్లోంచి వచ్చేసింది. "అమ్మా, బాబుకి దవడ తక్కువ తెరుచుకుంటోంది, ఎప్పుడైనా గడ్డం మీద పడ్డాడా?"

అలా అడక్కూడదని ఇప్పుడు తెలుసు. పిల్లాడు ఎప్పుడైనా పడ్డాడా అని ఏ తల్లిని అడిగినా ఎక్కడో ఒకచోట పడే ఉంటాడు కదండీ. ఆవిడకి ఏడాదిన్నర వయసులో మంచం మీంచి పడింది గుర్తొచ్చింది, చెవిలో చీము కారింది గుర్తొచ్చింది, పుట్టినప్పుడు కాన్పు కష్టమైంది కూడా గుర్తొచ్చింది, కళ్ళనీళ్ళు పెట్టేసుకుంది. నేను కూడా బిగుసుకుపోయి ఓపీజీ, అంటే రెండు దవడలూ ఒకే ఫిల్మ్‌లో పడే ఎక్స్‌రే తీయించి, గుంటూరులో నాకు పాఠాలు చెప్పిన ఓరల్ సర్జన్ దగ్గరికి చీటీ రాసి పంపించా. ఎక్స్‌రే డబ్బులు, బస్సు చార్జీలు, ఒక రోజు కూలి, మూడు రాత్రులు నిద్ర లేకుండా ఆ తల్లి. నాలుగో రోజు సార్ నుంచి ఫోన్.

"ఏమ్మా, పిల్లాడు శుభ్రంగా ఉన్నాడు. కీళ్ళు రెండూ బాగున్నాయి, దవడ నిటారుగా తెరుచుకుంటోంది. ఏ లెక్కన తక్కువన్నావ్?"

"37 వచ్చింది సార్. 40 ఉండాలి కదా."

"అది ఎవరి లెక్క?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. పిల్లల పళ్ళ డాక్టర్నని బోర్డు పెట్టుకుని కూర్చున్నా, పిల్లల నోరు ఎంత తెరుచుకుంటే మామూలో నాకు తెలీదు, పెద్దవాళ్ళ కొలత తెచ్చి చిన్నపిల్లాడికి తొడిగేశా. ఆవిడకి ఫోన్ చేసి సారీ చెప్పా, "పోన్లెండి మేడమ్, బాగానే ఉన్నాడుగా" అంది, ఆ మంచితనానికి నాకు ఇంకా సిగ్గేసింది.

ఆ 40 ఎక్కడిదో తర్వాత వెతుక్కున్నా. పెద్దవాళ్ళకి మామూలుగా 40 నుంచి 55 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, ఆడవాళ్ళకి మగవాళ్ళ కంటే కాస్త తక్కువ. హెల్కిమో అని ఆయన 1974లో దవడ కీలు ఇబ్బందులకి మార్కులు వేసే పద్ధతి ఒకటి పెట్టాడు, అందులో 40 గానీ ఆపైన గానీ ఉంటే సున్నా మార్కులు అంటే ఏ ఇబ్బందీ లేదని, 30 నుంచి 39 మధ్య అయితే కొంచెం తగ్గిందని ఒక మార్కు, 30 లోపయితే బాగా తగ్గిందని అయిదు మార్కులు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది, పాకి పాకి మా నోట్సుల్లోకి "40 లోపు అబ్‌నార్మల్" అనే ఒక్క ముక్కగా వచ్చి కూర్చుంది. ఎవరికి, ఏ వయసుకి అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది. ఈ లెక్కన చూస్తే ఒకటో తరగతిలో సగానికి సగం మందికి జబ్బున్నట్టే తేలుతుందేమో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీ చూపుడువేలు చెవి ముందు, ఆ చిన్న బుడిపె ఉంటుంది కదా దానికి కొంచెం ముందు పెట్టి మెల్లగా నోరు తెరవండి. మొదట్లో ఎముక ఉన్నచోటే తిరుగుతున్నట్టు ఉంటుంది, సగం తెరిచాక వేలికింద గుండులాంటిది జరిగి ముందుకు వెళ్ళిపోయి అక్కడ గుంట పడుతుంది. అదే దవడ కీలు. మొదటి 20, 25 మిల్లీమీటర్లు తలుపు బందులాగా ఉన్నచోట తిరగడమే, ఆ తర్వాతది డ్రాయరు సొరుగులాగా ముందుకి జారడం. ఒంట్లో ఇలా రెండు పనులూ చేసే కీలు అరుదు, పైగా కుడీ ఎడమా రెండూ ఒకే ఎముకకి తగిలించి ఉంటాయి కాబట్టి ఒకటి మొరాయిస్తే రెండోది ఒంటరిగా జారి గడ్డం ఒక పక్కకి గుంజుకుపోతుంది. సార్ ఫోన్లో "నిటారుగా తెరుచుకుంటోంది" అన్నది అందుకే, ఆయనకి నా 37 కంటే అదే ముఖ్యం.

మరి పిల్లలకి తక్కువ ఎందుకంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మన ఇంటి కిటికీ రెక్కని, వీధి గేటుని ఒకే కోణంలో తెరవండి, కిటికీ రెక్క చివర జానెడు కదిలితే గేటు చివర రెండు మూరలు కదులుతుంది. పిల్లల దవడ పొట్టిది, అంతే. కీలు అదే కోణం తిరిగినా ముందుపళ్ళ దగ్గర వచ్చే ఖాళీ తక్కువ. పిల్లాడు పెరిగేకొద్దీ దవడ పొడుగవుతుంది, నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. అందుకే వయసుతో పాటు ఎత్తుని కూడా చూడాలి, ఒకే క్లాసులో పొడుగు పిల్లకీ పొట్టి పిల్లకీ తేడా రావడం వింతేమీ కాదు.

సరే, ఆ ఫోన్ తర్వాత ఒక పని మొదలెట్టా. క్లినిక్కి ఏ పనిమీద వచ్చిన పిల్లలకైనా, పన్ను పీకడానికి వచ్చినా ఊరికే అన్నయ్య తోడు వచ్చినా, నోరు ఎంత తెరుచుకుంటుందో కొలిచి కార్డు మీద ఒక మూల రాయడం. రీసెర్చ్ అని కాదు, నా కంటికి నేను మామూలు అంటే ఏంటో అలవాటు చేసుకుందామని. నార్మల్ చూడనివాడికి అబ్‌నార్మల్ ఎలా తెలుస్తుంది చెప్పండి.

స్కేలు పక్కన పెట్టి వెర్నియర్ కాలిపర్స్ కొన్నా. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ మొదటి రోజు అందరం పట్టుకున్నదే, మెయిన్ స్కేల్ రీడింగు, వెర్నియర్ కలిసిన గీత, లీస్ట్ కౌంటు, అప్పట్లో రికార్డు పక్కవాళ్ళది చూసి రాసినందుకు ఇప్పుడు శిక్ష పడింది అనుకున్నా. దాని కొమ్ముల్ని కూడా ఇంగ్లీషులో జాస్ అనే అంటారు, అంటే దవడలతో దవడలు కొలవడం అన్నమాట. పెద్ద కొమ్ములు వస్తువు బయటి మందం కొలవడానికి, పైన ఉండే చిన్న కొమ్ములు గొట్టం లోపలి ఖాళీ కొలవడానికి. నోరు ఖాళీయే కాబట్టి చిన్నవే వాడాలి, పెద్దవి లోపల పెట్టి కొలిస్తే కొమ్ముల మందం వదిలేసినట్టే. ఇది రాయడం సులువు గానీ మొదటి వారం నేను పెద్దవాటితోనే కొలిచా, పైగా అది చౌకరకం ప్లాస్టిక్‌ది, పూర్తిగా మూసినా సున్నా దగ్గర ఆగకుండా మిల్లీమీటరున్నర ముందే ఆగుతోంది. జీరో ఎర్రర్. రెండేళ్ళు ఇంటర్ మేడమ్ చెవినిల్లు కట్టుకుని చెప్పిన జీరో ఎర్రర్. ఆ వారం కార్డుల మీద రాసినవన్నీ కొట్టేసి డిజిటల్‌ది కొన్నా, మూసి బటన్ నొక్కితే సున్నా అయిపోతుంది. స్టీలుది కాబట్టి ఒక్కో పిల్లాడికీ స్పిరిట్‌తో తుడవచ్చు కూడా.

పరికరం కుదిరినా పిల్లలు కుదరాలి కదా. "ఆ" అనమంటే పిల్లలు "ఆ" అంటారు, అది గొంతు డాక్టర్ దగ్గర అలవాటైన "ఆ", అందులో నోరు మూడొంతులే తెరుచుకుంటుంది. పెద్దగా తెరువు అంటే సిగ్గు. పెద్ద లడ్డూ ఒకేసారి కొరుకు అంటే నయం. అన్నిటికంటే బాగా పనిచేసింది ఆవలింత, నేను ఎదురుగా నిలబడి నిజంగా ఆవలిస్తే వాళ్ళకీ వచ్చేస్తుంది, అప్పుడు చూడాలి దవడ. మా తెలుగులో ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అని తెలివిగలవాళ్ళని అంటాం, నేను పేగుల దాకా వెళ్ళలేదు గానీ మిల్లీమీటర్లు లెక్కపెట్టా. ఒకామె వాళ్ళమ్మాయి ఆవలించగానే అలవాటుగా నోటి దగ్గర చిటికె వేసింది, ఆ చిటికె నా కాలిపర్‌కి తగిలి రీడింగు పోయింది.

తల కూడా చూసుకోవాలి. పిల్లలు ఎక్కువ తెరవాలని తలని వెనక్కి వాల్చేస్తారు, వాలిస్తే నోరు నిజంగానే ఇంకొంచెం ఎక్కువ తెరుచుకుంటుంది, మీరు కూడా చేసి చూడండి. గడ్డం గుండెకి ఆనించి ఒకసారి తెరవండి, తల పైకెత్తి ఒకసారి తెరవండి. అందుకని తల వెనకభాగం కుర్చీకో గోడకో ఆనించి, చూపు ఎదురుగా ఉంచి, అప్పుడు కొలవాలి. మూడుసార్లు కొలవాలి, మధ్యలో నోరు మూయించి. మొదటిసారి కంటే మూడోసారి ఎక్కువ రావడం మామూలే, భయం పోతుంది, దవడ కూడా కాస్త వదులవుతుంది. నేను ఎక్కువ వచ్చింది రాస్తా. కొంతమంది సగటు రాస్తారు, ఏదో ఒకటి పట్టుకుని ఎప్పుడూ అదే చేస్తే చాలు, ఈసారి ఇది వచ్చేసారి అది అంటేనే ప్రమాదం.

ఇంకో మెలిక ఉంది. నోరు మూసినప్పుడు పై పళ్ళు కింది పళ్ళని కొంత కప్పి ఉంటాయి కదా, కొందరికి ఒక మిల్లీమీటరు, కొందరికి నాలుగైదు. దవడ నిజంగా కదిలిన దూరం కావాలంటే పళ్ళ మధ్య ఖాళీకి ఈ కప్పిన ముక్క కూడా కలపాలి. ఉత్త ఖాళీ మాత్రమే కావాలంటే కలపక్కర్లేదు. ఇద్దరు డాక్టర్లు ఒకే పిల్లాడిని కొలిచి వేరు వేరు అంకెలు చెప్పి పోట్లాడుకోవడానికి ఇదొక్కటి చాలు. నేను రెండూ విడివిడిగా రాసుకుంటా, 41, పక్కన 3 అని.

మొన్న నవంబర్లో తెనాలి దగ్గర ఒక పల్లెటూరి స్కూల్లో పళ్ళ క్యాంపు పెట్టాం, అక్కడ ఒకేరోజు బోలెడంతమంది పిల్లలు దొరికారు. హెచ్‌ఎం గారిని అడిగి, ముందే తల్లిదండ్రులకి చీటీలు పంపి సంతకాలు తెప్పించుకున్నాం. రీసెర్చ్‌కైతే 7 దాటిన పిల్లల్ని కూడా వాళ్ళ నోటితోనే ఒప్పుకుంటావా అని అడగాలని, 12 దాటితే రాయించుకోవాలని మన దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లో ఉంది, మాది ఉత్త క్యాంపే అయినా పిల్లల్ని అడగడం మంచిదే కదా అని అడిగా. ఒకే ఒక్క పిల్ల వద్దంది, ఎందుకమ్మా అంటే "మా అక్క వద్దంది" అంది. సరే అన్నా.

అక్కడ తమాషా ఏంటంటే వరసలో నిలబెట్టి టీచర్ గారు "అందరూ నోటిమీద వేలేసుకోండి" అంటారు, వరస ముందుకొచ్చాక నేనేమో నోరు తెరవండి అంటా. ఒకడు వేలు తీయకుండానే నోరు తెరిచాడు, వేలు కాస్తా పెదవుల మీంచి జారి పళ్ళ మధ్య ఇరుక్కుంది. కాలిపర్ చూడగానే మొదటి ప్రశ్న అందరిదీ ఒకటే, "ఇంజక్షనా మేడమ్?" వాళ్ళ గోటి వెడల్పు, వాళ్ళ పెన్సిలు మందం ముందు కొలిచి చూపించి ఆ తర్వాతే నోటి దగ్గరికి తీసుకెళ్ళాలి. మాకు కాలేజీలో చెప్పు, చూపించు, తర్వాత చెయ్యి అని నేర్పించేది ఇదే.

ఒకటి రెండు తరగతుల దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. ఆరు ఏడేళ్ళకి ముందుపళ్ళు ఊడతాయి కదా, కిందవి ముందు, పైవి ఆ తర్వాత. కొలవాల్సిన పన్నే లేదు. నవ్వితే ఖాళీ కిటికీ. పక్క పన్ను నుంచి కొలుద్దామంటే పక్క పన్ను ఎత్తు వేరు, చిగురు నుంచి కొలుద్దామంటే పన్ను పొడవంత అంకె పెరిగిపోతుంది, సగం వచ్చిన పన్నయితే ఇంకా తలనొప్పి, ఈ నెల కొలిచినదానికి వచ్చే నెల కొలిచినదానికి దవడ మారకపోయినా పన్ను దిగి అంకె మారిపోతుంది. అలాంటివాళ్ళని వదిలేశా, కార్డులో గీత గీసి పన్ను లేదు అని రాశా. అలా గీత పెట్టించుకున్న ఒక బుడ్డోడు చాలా నొచ్చుకున్నాడు, "నాకు మార్కులు వెయ్యలేదు" అని టీచర్‌తో చెప్పాడట.

అయిదో తరగతిలో ఇంకో గొడవ. మగపిల్లలకి అంకె వినపడుతోందని అది పందెం అయిపోయింది. ఒకడికి 46 అన్నా, వెనకవాడు వరసలోనే దవడకి వ్యాయామం మొదలెట్టాడు, వాడికి 49. ఆఖర్లో ఒక సన్నటి పిల్ల, రెండు జడలు, ఏ హడావుడీ లేకుండా వచ్చి 53 తెరిచి వెళ్ళిపోయింది. వాళ్ళ మొహాలు చూడాలి. అదే క్లాసులో అదే వయసు ఇంకో అబ్బాయికి 39, వాడు హాయిగా మధ్యాహ్నం భోజనంలో గుడ్డు ఒకేసారి నోట్లో పెట్టుకుని మింగాడు, భోజనం తర్వాత మళ్ళీ కొలుద్దామని చూస్తే నా కాలిపర్‌కి పచ్చసొన అంటుకుంది. 39 వాడికీ జబ్బు లేదు, 53 పిల్లకీ జబ్బు లేదు. ఇద్దరి దవడా నిటారుగానే తెరుచుకుంటోంది, ఇద్దరికీ నొప్పి లేదు, ఇద్దరూ జామకాయ కొరకగలరు.

నేను చూసింది గుప్పెడు మందిని, దాన్నుంచి లెక్కలు తేల్చకూడదు. తేల్చినవాళ్ళు వేరే ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో జ్యూరిచ్ నగరంలో స్కూలు పిల్లలకి ఏటా పళ్ళ పరీక్ష జరుగుతుంది, అందులోనే నోరు ఎంత తెరుచుకుంటుందో కూడా కొలిపించి, 4 నుంచి 17 ఏళ్ళ మధ్య 20 వేలకి పైగా పిల్లల కొలతలతో 2013లో ఒక పేపరు వేశారు. సగటు 45 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది, కానీ నన్ను ఆపింది సగటు కాదు, ఆ పక్కనున్న రెండు అంకెలు, తక్కువలో తక్కువ 25, ఎక్కువలో ఎక్కువ 69. వీళ్ళందరూ ఆరోగ్యంగా ఉన్న పిల్లలే. పిల్లల బరువు, ఎత్తుకి వంకర గీతల చార్టు ఉంటుంది చూడండి, టీకాల కార్డులో, దవడకి కూడా వయసువారీగా అలాంటి గీతలు గీశారు వాళ్ళు. అది చూశాక నా 37 బాబు గుర్తొచ్చి తల కొట్టుకున్నా. అయినా అవి జ్యూరిచ్ పిల్లలవి, మన పిల్లల ఎత్తూ ఒడ్డూ వేరు, ఆ గీతల్ని తెచ్చి ఇక్కడ అచ్చంగా అతికించడానికి నాకు చెయ్యి రాదు, ఒకసారి అతికించి చూశాను కదా.

ఇంత తేడా ఉన్నప్పుడు కొలిచి ఏం లాభం అని మా ఆయన అడిగాడు, ఆయన బ్యాంకులో పనిచేస్తాడు, అంకెకి అర్థం లేకపోతే ఆయనకి నిద్రపట్టదు. ఒకసారి కొలిస్తే నిజంగానే లాభం తక్కువ. రెండోసారి కొలిస్తేనే.

దీనికి ఒక పాప కథ చెప్తా, గుర్తుపట్టకుండా కొంత మార్చి. పదకొండేళ్ళ పిల్ల, పళ్ళు ఎత్తుగా ఉన్నాయని వచ్చింది, అప్పుడు 44 రాసుకున్నా. నాలుగు నెలలకి ఇంకో పనిమీద వస్తే 40. సరే ఆరోజు మూడ్ బాలేదేమో అనుకున్నా. ఇంకో మూడు నెలలకి 35, గడ్డం కొంచెం ఎడమపక్కకి వెళ్తోంది. నొప్పి ఉందా అంటే లేదంది, నిజంగానే లేదు. వాళ్ళమ్మని తవ్వి తవ్వి అడిగితే పొద్దున్నే లేవగానే వేళ్ళు బిగుసుకుపోయినట్టున్నాయి, జడ వేసుకోలేకపోతోంది, బద్ధకం అనుకుని రోజూ తిడుతున్నా అంది. హైదరాబాద్‌లో పిల్లల కీళ్ళవాతం డాక్టర్ దగ్గరికి పంపిస్తే జేఐఏ అన్నారు, అంటే 16 ఏళ్ళ లోపు మొదలై ఆరు వారాలకి మించి ఉండే కీళ్ళవాతం. మోకాలు వాస్తే తల్లిదండ్రులకి కనిపిస్తుంది, దవడ కీలు వాచినా బయటికి వాపు పెద్దగా కనిపించదు, చాలాసార్లు నొప్పీ ఉండదు. మామూలు ఎక్స్‌రేలో కనిపించే సరికి ఎముక అరిగిపోయి ఉంటుంది, ముందే పట్టాలంటే మందు ఎక్కించి ఎమ్మారై తీయాలి. పిల్లల్లో దవడ పెరిగేది కూడా ఆ కీలు గుండు దగ్గరే కాబట్టి ఊరుకుంటే దవడ పెరక్క గడ్డం లోపలికి పోతుంది, ఒక పక్కే అయితే మొహం వంకరవుతుంది. జ్యూరిచ్ వాళ్ళు అంతమందిని కొలిచిన కారణం కూడా ఈ జబ్బే, ఆ పేపరు పళ్ళ పత్రికలో కాదు, పిల్లల కీళ్ళవాతం పత్రికలో వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ పాప మొదటిసారే 35తో వచ్చుంటే, జ్యూరిచ్ పిల్లల్లో ఆరోగ్యంగా ఉండి 35 తెరిచేవాళ్ళూ ఉన్నారు కదా అని వదిలేసేదాన్ని. 44 నుంచి 35కి రావడమే జబ్బు. మొదటి 44 కార్డు మీద లేకపోతే రెండో అంకెకి విలువే లేదు. ఎదిగే పిల్లలో దవడ కొలత పెరగాలి, పోనీ ఆగాలి, వెనక్కి రాకూడదు.

గడ్డం మీద పడ్డప్పుడు కూడా అంతే. పిల్లాడు సైకిల్ మీంచి పడి గడ్డం చిట్లితే కుట్లు వేయించి హమ్మయ్య అనుకుంటాం, కానీ ఆ దెబ్బ దవడ ఎముక వెంట పైకి పోయి చెవి ముందున్న మెడలాంటి సన్న ముక్క దగ్గర విరుస్తుంది ఒక్కోసారి. కుట్లు మానినా తర్వాత నోరు తెరుచుకోవడం తగ్గుతూ వచ్చిందంటే, గడ్డం ఒక పక్కకి పోతోందంటే వెంటనే చూపించాలి, లేకపోతే కీలు ఎముకతో అతుక్కుపోయే ప్రమాదం ఉంది. పిల్లల్లో చాలావరకు ఆపరేషన్ లేకుండానే మెత్తటి తిండి, నోరు తెరిచే వ్యాయామంతో సర్దుకుంటుంది, ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చి పళ్ళ మధ్య పెట్టి రోజుకొకటి పెంచుకుంటూ పోయే పద్ధతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఎక్కడికి పెంచాలి అంటే మళ్ళీ అదే ప్రశ్న, పడకముందు వాడిది ఎంత?

ఇంకొకటి చెప్పాలని లేదు గానీ చెప్పాలి, ఎనిమిది తొమ్మిది తరగతుల మగపిల్లలు. వక్కపొడి ప్యాకెట్లు, నిషేధం ఉన్న గుట్కాలు కూడా, ఎక్కడ దొరుకుతాయో వాళ్ళకే బాగా తెలుసు. వక్క వల్ల బుగ్గ లోపల చర్మం తెల్లబడి తోలులా గట్టిపడుతుంది, ముందు కారం తింటే మంట, తర్వాత నోరు ముడుచుకుపోవడం. పెద్దవాళ్ళలో దీన్ని తెరుచుకునే కొలతని బట్టే గ్రేడ్లు వేస్తారు, 35 పైన ఒకటి, 20 నుంచి 35 ఒకటి, 20 లోపు ఒకటి. గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు, క్యాన్సర్‌కి దారి కూడా. పద్నాలుగేళ్ళ పిల్లాడు పచ్చడి అన్నం పక్కకి తోసి పెరుగన్నమే కావాలంటున్నాడంటే వాడి జేబులు వెతికే ముందు వాడి నోరు చూడండి.

ఇంట్లో కాలిపర్ ఎవరికుంటుంది, అందుకే మూడు వేళ్ళు. పిల్లాడివే, మీవి కాదు. వాడి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు కలిపి నిలువుగా ముందుపళ్ళ మధ్య పెట్టుకోమనండి. సులువుగా పడితే చాలు. వాడి వేళ్ళు వాడితోపాటే పెరుగుతాయి కాబట్టి ఏ వయసుకి ఎంత అనే చార్టు అక్కర్లేదు, దేవుడిచ్చిన స్కేలు. మత్తు డాక్టర్లు కూడా ఆపరేషన్‌కి ముందు గొట్టం వెయ్యడానికి దారి ఉందో లేదో చూసేటప్పుడు వేళ్ళ లెక్కే వాడతారు. మొరటు కొలతే, 44 నుంచి 40 అయితే వేళ్ళకి తెలీకపోవచ్చు, కానీ నిన్నటిదాకా మూడు పట్టి ఇవాళ రెండే పడుతున్నాయంటే మాత్రం ఫోన్ చెయ్యండి. మొన్న ఒకావిడ తన మూడు వేళ్ళు నాలుగేళ్ళ పిల్ల నోట్లో పెట్టి పట్టట్లేదని రాత్రి పదింటికి ఫోన్ చేసింది, ఆవిడ వేళ్ళకి రెండు ఉంగరాలు కూడా ఉన్నాయట.

నాకు సొంతంగా ఇంకో లాభం కూడా వచ్చింది. కింది దవడకి తిమ్మిరి ఇంజక్షన్ చేసినప్పుడు ఒక్కోసారి కండరం బిగిసి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం, నోరు సరిగా తెరుచుకోదు. ఇంతకుముందు తల్లులు "మీరు ఇంజక్షన్ చేశాకే ఇలా అయింది" అంటే ఎంత తగ్గిందో చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు, ఇప్పుడు కార్డు తిప్పి చూస్తా, 42 ఉండేది ఇవాళ 36, వేడినీళ్ళ కాపడం పెట్టి గురువారం రండి మళ్ళీ చూద్దాం అంటా.

ఆ మొదటి బాబు ఈమధ్యే మళ్ళీ వచ్చాడు, ఇప్పుడు ఏడేళ్ళు, ఇంకో పక్క పన్ను. వాళ్ళమ్మ కుర్చీ పక్కన నిలబడి నేను అడక్కముందే "ఈసారి ఎంత వస్తదో చూడండి మేడమ్" అంది. కాలిపర్ తీసి, సున్నా చేసి, తల ఆనించి, నేనే ముందు ఒక పెద్ద ఆవలింత తీశా. వాడు కూడా తీశాడు. ఎంత బాగా తెరిచాడో, గొంతులో కొండనాలుక దాకా కనిపిస్తోంది.

పైన రెండు ముందుపళ్ళూ లేవు.

వాళ్ళమ్మ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. కార్డులో 37 కింద గీత గీసి పన్ను లేదు అని రాశా. "మరి ఎప్పుడు రమ్మంటారు?" అంటే పళ్ళు వచ్చాక అన్నా, వాడేమో నాలుక ఆ ఖాళీలోంచి బయటపెట్టి, ఎలక తీసుకెళ్ళింది అది ఇంకా తేలేదు అన్నాడు.